ఇత్తడి మీద ఎర్ర సబ్బు

అంతోని కుడిచేతి వేళ్ళు మూడు అప్పటికే విరిగాయి. నేను లాకప్ ఊచల దగ్గరికి వెళ్ళేసరికి నాలుగో వేలి మీద పని జరుగుతోంది.

"ఆపండి!" అన్నాను.

హెడ్ కానిస్టేబుల్ పుల్లయ్య తలెత్తాడు. ఆపమనే హక్కు నాకు లేదని అతనికి తెలుసు. నా వెనక నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ కోటిలింగం వైపు చూశాడు. కోటిలింగం గ్లాసులో మిగిలిన టీ నింపాదిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, అప్పుడు చెయ్యి ఊపాడు. లాఠీ ఆగింది.

"పది నిమిషాలు, కాశీరావూ! పాత పరిచయం కొద్దీ ఇస్తున్నా."

పాత పరిచయమంటే ఆయన కింద రెండేళ్ళు ఎస్సైగా చేసి, పొసగక రాజీనామా ఆయన బల్ల మీద పడేసి వచ్చాను. ఆ తర్వాత గవర్నరుపేటలో డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాను. ఆయన లెక్కలో అది బోర్డు కాదు, ముష్టిచిప్ప. పైగా ఎమర్జెన్సీ రోజులు. స్టేషన్లో ఎవరి వేళ్ళు విరిగినా రాసే పేపరు లేదు, అడిగే నాథుడు లేడు. ఈ పదినిమిషాలైనా ఇచ్చాడంటే, కేసు తన జేబులో ఉందన్న ధీమా కొద్దీ ఇచ్చాడు.

అంతోని గోడకు చేరగిలబడి, విరిగిన చేతిని చంకలో దాచుకుని కూర్చున్నాడు. పై పెదవి చీలింది. బెంజ్ సర్కిల్ వెనక సందులో అతనిది లోహాలకు మెరుగు పెట్టే పాలిష్ షాపు. ఆదివారం మధ్యాహ్నం ఆ షాపులోనే బందరు చేపల వర్తకుడు సూరయ్యని తల పగలగొట్టి చంపారు.

"ఆదివారం సంగతి మొదట్నించీ చెప్పు" అన్నాను.

"చర్చి గుళ్ళో పూజయ్యాక షాపు తీశానండి. సూరయ్యగారి లాంచీకి కింద తిరిగే ఇత్తడి పంకా ఉంది కదండీ, అది సోమవారానికల్లా కావాలన్నారు. ఆయనే వచ్చి కూచున్నారు."

"శనివారం ఆయనతో పోట్లాడావట."

"పోట్లాడానండి. పంకా అద్దంలా మెరవాలన్నారు. నీళ్ళల్లో తిరిగేదానికి అద్దమెందుకండీ, నున్నగా ఉంటే చాలన్నాను. నాకే నేర్పుతావా అని అరిచారు. నేనూ అరిచాను. సందు సందంతా విన్నారు."

"మరి ఆదివారం?"

"ఆదివారం ఇద్దరం నవ్వుకున్నామండి. భోంచేసి వస్తానంటే, వెళ్ళు, ఒకాయన నాకోసం ఇక్కడికే వస్తానన్నాడు, నేనుంటాలే అన్నారు. తిరిగొచ్చి చూస్తే..." అతను చంకలోని చేతిని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నానండి. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. అందుకే చొక్కా నిండా రక్తం."

"వస్తానన్నది ఎవరు?"

"చెప్పలేదండి. నేనూ అడగలేదు."

కోటిలింగం నవ్వాడు. "విన్నావుగా? పోట్లాట బజార్లో, రక్తం చొక్కా మీద, ఆయుధం షాపులో. ఇత్తడి పచ్చడిబండ, మూరెడుంది. దాన్ని తళతళా మెరిపించి బల్ల కింద పెట్టాడు. మనిషిని చంపి ఆయుధానికి పాలిష్ పట్టేవాడు పాలిష్ వాడు గాక గుళ్ళో పూజారా? సాయంత్రంలోగా సంతకం పెడతాడు. కుడిచెయ్యి పనికి రాకపోతే ఎడంచేతి వేలిముద్ర వేయిస్తా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళు బిగబట్టుకుని బయటికి వచ్చాను.

వరండాకి ఒక కొసన అంతోని భార్య ఎలిజబెత్ నిలబడి ఉంది. నన్ను పిలిపించింది ఆవిడే. రెండో కొసన సూరయ్య భార్య రత్తమ్మ, ఆవిడ చుట్టూ బందరు నుంచి ఐసు లారీలో వచ్చిన ఇరవైమంది మనవాళ్ళు. మనవాళ్ళని ఎందుకంటున్నానంటే, నేనూ ఆ బందరు వాడరేవుల్లో వలల మధ్య పుట్టినవాణ్ణే. రత్తమ్మ నాకు వరసకి అక్క.

ఆవిడ లేచి వచ్చి నా కాళ్ళ ముందు ఉమ్మింది.

"మనోడివై ఉండి, నా మొగుణ్ణి చంపినోడి కొమ్ము కాస్తావంట్రా? ఆ ఆడదాని ముందు నిలబడ్డానికి నీకు సిగ్గులేదూ?"

"అక్కా, ఒక్క మాట చెప్పు. బావ ఆదివారం ఇక్కడికి ఎవరిని కలవడానికి వచ్చాడు?"

"నాకేం తెల్సు? పెద్దాయన రమ్మన్నాడు, మాట్లాడుకుని వస్తానన్నాడు. పిలిస్తే పరిగెత్తాడు. శవమై వచ్చాడు."

ఆవిడ ఏడుపు మింగేసింది. ఎలిజబెత్ తల దించుకుంది. ఆ ఇద్దరి మధ్యా నిలబడాలంటే నాకే కష్టంగా ఉంది. నేను వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా కోటిలింగంతో అన్నాను.

"రక్తం పోవాలంటే తడిగుడ్డ చాలండీ. దానికి మోటారు వెయ్యక్కర్లేదు. తడిగుడ్డకి పోనిదేదో ఆ బండ మీద ఉంది. అది పోగొట్టడానికే చక్రానికి పెట్టారు. బండని షాపుకి తెప్పించండి. అందరి ముందూ చూద్దాం. ఆ పాలిష్ అంతోని పట్టిందేనని తేలితే, నేనే దగ్గరుండి సంతకం పెట్టిస్తాను."

"కేసు సొత్తు స్టేషను దాటదు" అన్నాడు కోటిలింగం.

"ఎందుకు దాటదయ్యా?" అంది రత్తమ్మ. "నా మొగుడి నెత్తిన పడిందేదో నేను చూడొద్దా? మూటలో కట్టి దాచారు. తీసుకురా. నేనూ వస్తా."

ఆవిడ వెనక ఇరవైమందీ లేచి నిలబడ్డారు. కోటిలింగం వాళ్ళని ఒకసారి ఎగాదిగా చూసి, నవ్వు మొహం పెట్టి, జీపు తియ్యమన్నాడు. పుల్లయ్య స్టేషన్లోనే ఉండిపోయాడు.

*

షట్టరు సీలు పగలగొట్టి లోపలికి వెళ్ళాం. కోటిలింగం, నేను, ఇద్దరాడవాళ్ళు. జీపు వెనకే ఐసు లారీలో వచ్చిన మిగతావాళ్ళు సందులో నిలబడ్డారు.

ఒకటే గది. నేల మీద రక్తం ఎండి నల్లగా పెచ్చు కట్టింది. సూరయ్య పడ్డచోట గోడ మీద కూడా చిమ్మిన మరకలున్నాయి, నా భుజాలంత ఎత్తు దాకా. ఒక దెబ్బకి అంత చిమ్మదు. నాలుగైదు కొట్టారు, పడిపోయాక కూడా కొట్టారు. రత్తమ్మ ఆ మరకల్ని చూసి గోడ పట్టుకుంది. ఎలిజబెత్ ఒక స్టూలు తెచ్చి ఆవిడ పక్కన పెట్టింది. రత్తమ్మ దాన్ని కాలితో తన్నింది.

బల్ల మీద మోటారు. దాని ఇరుసుకి ఎడమవైపొకటి, కుడివైపొకటి గుడ్డ చక్రాలు. గోడ మేకులకి ఇంకో మూడు చక్రాలు. అలమరలో రంగురంగుల బిళ్ళలు. మైనంలో రకరకాల పొడులు కలిపి అచ్చుపోసినవి. షాపుల్లో వాటిని సబ్బులంటారు.

ఎలిజబెత్ కుడివైపు చక్రాన్ని చూడగానే కెవ్వుమంది.

"అయ్యో, గుడి చక్రం!"

"అంటే?"

"ఇది గుళ్ళో వెండి పూజపాత్రలకి మాత్రమే వాడతామండీ. ఎర్ర సబ్బు పెట్టేది ఈ చక్రానికే. తెల్లగుడ్డ సంచి తొడిగి ఉంచుతాం. ఆయన చేతులు కడుక్కోకుండా దీన్ని ముట్టుకోరు. చూడండి, నల్లగా మసి పట్టింది! ఇత్తడి పెట్టారు దీనికి!" ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. మొగుడి వేళ్ళు విరిగినప్పుడు ఏడవని మనిషి చక్రం చూసి ఏడుస్తోంది. బహుశా రెండింటికీ కలిపి ఇప్పుడే ఏడ్చుకుంటోంది.

తెల్లగుడ్డ సంచి బల్ల కింద పడి ఉంది. దాని మీద బూటు ముద్ర, సగం.

"హత్య చేసినవాడికి గుడీ మసీదూ గుర్తుంటాయా?" అన్నాడు కోటిలింగం. "కంగారులో ఏ చక్రం దొరికితే దానికి పెట్టాడు."

"సరే, కంగారే అనుకుందాం. అమ్మా ఎలిజబెత్, ఇత్తడి మీద చెక్కిందేదైనా పోగొట్టాలంటే ఏం చేస్తారు?"

"మొదట గరుకు ఎమరీ పట్టీతో గీకుతామండి. తర్వాత గోధుమరంగు సబ్బు. అది లోహాన్ని కోస్తుంది. ఇదుగో, పంకా కోసం ఎడమ చక్రానికి పెట్టింది అదే. ఉక్కయితే ఆకుపచ్చ సబ్బు. ఎర్రది ఆఖర్నండి, వెండికీ బంగారానికీ. అది కొయ్యదు, మెరిపిస్తుందంతే. ఒక సబ్బు అంటిన చక్రానికి ఇంకో సబ్బు ముట్టించం. ముతక రేణువు ఒక్కటి ఎర్రదాంట్లో పడిందంటే పాత్ర నిండా గీతలే."

"చూశారా?" అన్నాను. "కోసే సబ్బు ఎడం పక్కనే, చక్రానికి అంటి సిద్ధంగా ఉంది. పాలిష్ వాడు కళ్ళు మూసుకున్నా దాని దగ్గరికే పోతాడు. ఈ పెద్దమనిషి ఎక్కువ మెరుపుంటే ఎక్కువ పోతుందనుకుని, సంచి విప్పి మరీ ఎర్రదాన్ని పట్టుకున్నాడు. ఇంట్లో వెండి తోమించుకునేవాడి తెలివి ఇది."

"ఉపన్యాసం బావుంది. జడ్జిగారు సబ్బులు చూసి వదిలెయ్యరు."

"బండ విప్పండి."

మూట విప్పాడు. బండ నిజంగానే మెరుస్తోంది. నేను భూతద్దం తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. నడిమి భాగంలో సన్నటి గుంటలు, ప్రతి గుంటకీ ఒక తోక. అన్ని తోకలూ ఒకే వైపుకి సాగి ఉన్నాయి.

ఎలిజబెత్ చూసి వెంటనే చెప్పింది. "కొయ్యకుండా మెరుగుపెట్టారండీ. గట్టిగా అదిమి, ఒకే వాటాన రుద్దితే గుంటల అంచు సాగి ఇట్టా తోకలొస్తాయి. మేమైతే ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పుతాం. మొదటి నెల నేర్పేదే అదండి."

"ఆ గుంటలు ఏమిటంటారు?"

"చుక్కలండి. సామాను మీద పేర్లు కొట్టిస్తాం కదా, ఆ ఉలి దెబ్బలు."

కోటిలింగం జేబులోంచి సిగరెట్టు తీసి వెలిగించాడు. అగ్గిపుల్ల రెండోసారికి గానీ అంటుకోలేదు.

"పోయిన పేరు పోయినట్టే" అన్నాడు.

"పోలేదు. ఉలి దెబ్బ తిన్నచోట ఇత్తడి లోలోపలి దాకా నలిగి ఉంటుంది. పైపొర చెరిపినా ఆ నలుగుడు చెరగదు. యాసిడ్ తాకితే నలిగినచోట ఒకలా, నలగనిచోట ఒకలా తింటుంది. మీరు నన్ను ట్రెయినింగ్‌కి పంపించినప్పుడు హైదరాబాదులో దొంగతుపాకుల నంబర్లు ఇలాగే లేపేవాళ్ళు. మీరా క్లాసుకి రాలేదు."

ఎలిజబెత్ కొంగు బిగించి నడుముకి దోపి, ఎడమ చక్రానికి గోధుమ సబ్బు అలా తాకించి తీసి, మోటారు వేసింది. బండని రెండుచేతులా చక్రం నడిమికి దిగువనే పట్టుకుని, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తేలిగ్గా పోనిచ్చింది. తోకలు పోయాయి. మోటారు ఆపి, సున్నప్పొడి చల్లి జిడ్డంతా తుడిచి, పాత సామాను కడిగే యాసిడ్‌లో గుడ్డ ముంచి అద్దింది. ఘాటుకి నా కళ్ళు మండాయి. ఇత్తడి ముదురు రంగుకి తిరిగింది. మొదట ఏమీ కనపడలేదు. రెండోసారి అద్దింది. మూడోసారికి సన్నటి చుక్కలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి.

నేను పైకే చదివాను. "సూరయ్య. బందరు. తొమ్మిది, ఆరు, డెబ్భై నాలుగు."

కోటిలింగం బిగ్గరగా నవ్వాడు. ఆ నవ్వులో బోలెడంత ఊపిరి బయటికొచ్చింది.

"చచ్చినవాడి పేరే! వాడి బండతో వాణ్ణే కొట్టాడు. ఇంత శ్రమపడి నా కేసుకే ఇంకో మేకు కొట్టావు కదోయ్! పద, సంతకం పెట్టిద్దువు గానీ."

ఆ చుక్కలు మళ్ళీ చదివాను. ఇంకెవరిదో పేరు వస్తుందని అనుకున్నాను. హతుడి పేరు చెరిపేస్తే హంతకుడికి ఏం లాభం? అంతోని నాలుగో వేలు నా కళ్ళ ముందు ఆడింది. ఎలిజబెత్ నా మొహంలోకి చూస్తోంది, ఆ చూపు తట్టుకోలేకపోయాను.

"అది మా ఇంటి సామాను కాదు" అంది రత్తమ్మ.

గోడ వదిలి వచ్చి బండ చేతిలోకి తీసుకుంది. ఆవిడకి చదువు రాదు. చుక్కల మీద వేలు పెట్టి తడిమింది.

"పేరు మీ ఆయనదే కదమ్మా" అన్నాడు కోటిలింగం.

"పేరు ఆయనదే. మా ఇంట్లో వాడుకునే సామాను మీద ఒట్టి పేరే కొట్టిస్తాం. తారీకు ఎవరు కొట్టిస్తారయ్యా? తారీకు ఉందంటే అది పెళ్ళికి చదివించింది. ఇచ్చినోడి పేరూ, పెళ్ళిరోజూ." ఆవిడ నా వైపు తిరిగింది. "ఇంకోసారి చెప్పరా తమ్ముడూ, ఏ తారీకు?"

"డెబ్భై నాలుగు, జూన్ తొమ్మిది."

రత్తమ్మ బండని రెండుచేతులా పట్టి బరువు చూసింది. తర్వాత కోటిలింగం వైపు తిరిగింది.

"ఉయ్యూరులో మీ అమ్మాయి పెళ్ళి. ఇత్తడి రోలూ, బండా. రోలు ఆయన మోశాడు, బండ నేను పట్టుకున్నా. మీ ఆవిడ చేతిలో పెట్టింది నేనే కదయ్యా."

అప్పుడు నాకు అంతా తెలిసింది. ఇత్తడి సామాను సంచిలో పట్టుకుని పాలిష్ షాపుకి వచ్చేవాణ్ణి సందులో ఎవరు పట్టించుకుంటారు? అదే సాకు, అదే ఆయుధం. కొట్టాక గానీ దాని మీద చుక్కలు కనపడి ఉండవు. ఇంట్లోవాళ్ళు మూలన పడేసిన కానుక, ఆయన ఏనాడూ చదివి ఉండడు. పట్టుకుపోతే నేరం అంతోని మీదికి నెట్టడానికి ఆయుధం ఉండదు, అందుకే పేరు చెరిపి వదిలాడు.

"పెద్దాయనంటే లాయరుగారనుకున్నా!" రత్తమ్మ గొంతు పెద్దదయింది. "పోయినేడు మా లాంచీ నడిపే సరంగుని మీ స్టేషన్లో కొట్టి చంపితే మా ఆయన కళ్ళారా చూశాడు. సోమవారం కోర్టులో చెప్తానన్నాడు. ఆదివారం నువ్వు పిలిచావు. నువ్వేనా? నువ్వేనట్రా?"

కోటిలింగం షట్టరు దగ్గరికి రెండంగల్లో వెళ్ళి కిందికి లాగేశాడు. ఇటు తిరిగేసరికి చేతిలో రివాల్వరుంది.

"గోడకి జరగండి. ముగ్గురూ!"

రత్తమ్మ చేతిలోంచి బండ లాక్కున్నాడు. నేను ఒక అడుగు వేశాను. పేల్చాడు. గుండు నా ఎడమ చెవి అంచు తెంపుకుని అలమరలో దిగింది. సబ్బుబిళ్ళలు నేలరాలాయి. చెవిలో హోరు, మెడ మీద వెచ్చగా కారుతోంది. బయట షట్టరు మీద గుద్దులు మొదలయ్యాయి.

రివాల్వరు మా వైపే ఉంచి, మోచేత్తో మోటారు స్విచ్ నొక్కాడు. ఆ స్విచ్ బల్ల కింద ఉంటుంది, తెలియనివాడు వెతుక్కోవాలి. ఆయన వెతుక్కోలేదు. ఎడంచేత్తో బండని మళ్ళీ ఆ గుడి చక్రానికే అదిమాడు, నడిమికి ఎగువన.

"వద్దండీ!" అని అరిచింది ఎలిజబెత్. అలవాటు కొద్దీ అరిచింది పాపం.

చక్రం బండని లాగేసుకుంది. ఆయన చేతిలోంచి ఊడబెరికి కిందికి విసిరింది. మోకాలిచిప్ప పగిలిన చప్పుడు మోటారు రొదలో కూడా వినపడింది. ఆయన కూలిపోతుండగా నేను రివాల్వరున్న చేతి మీద పడ్డాను. ఇంకో గుండు కప్పులోకి పోయింది. మణికట్టుని బల్ల అంచుకేసి కొట్టాను, వదల్లేదు. ఇంకోసారి కొట్టాను, ఎముక విరిగింది, రివాల్వరు జారింది. రత్తమ్మ ఆయన జుట్టు పట్టుకుని మొహాన్ని నేలకేసి బాదింది, సూరయ్య రక్తం ఎండిన చోటే. ఒకసారి కాదు. నేను ఆపాలి. ఆపడానికి నాకు చాలాసేపు పట్టింది, ఆలస్యం చేశానని ఇప్పటికీ బాధ లేదు.

ఎలిజబెత్ మోటారు ఆపి షట్టరు ఎత్తింది. బందరువాళ్ళు తోసుకొచ్చారు. జీపు డ్రైవరు అప్పటికే పారిపోయాడు.

కోటిలింగం వెల్లకిలా పడి ఉన్నాడు. ముందుపళ్ళు రెండు లేవు. అయినా నవ్వుతున్నాడు.

"నన్ను పట్టుకున్నావు. బాగానే ఉంది. అంతోని ఏడోయ్?"

"లాకప్‌లో" అన్నాను. అంటుండగానే పుల్లయ్య మాతో రాలేదని గుర్తొచ్చింది.

"మనం జీపెక్కగానే పుల్లయ్య వాణ్ణి వ్యానెక్కించాడు. ఇబ్రహీంపట్నం అవతల, ఏటి ఒడ్డున, ముద్దాయి సూరయ్య డబ్బు దాచిన చోటు చూపిస్తానన్నాడు. చూపిస్తూ పారిపోబోతే కాల్చాం. రిపోర్టులో అలా ఉంటుంది." రక్తం ఉమ్మాడు. "చీకటి పడేలోగా కాల్చెయ్యమని పుల్లయ్యకి చెప్పే వచ్చాను."

ఎలిజబెత్ అక్కడే కూలబడబోయింది. పడకుండా పట్టుకున్నది రత్తమ్మ. ఇందాక ఆవిడ తెచ్చిన స్టూలుని కాలితో తన్నిన మనిషి, ఇప్పుడు రెండు చంకల కిందా చేతులు వేసి లేపి, సందు చివరిదాకా ఈడ్చుకుపోయింది. ఐసు లారీ తలుపు తెరిచి, డ్రైవర్ని అదిలించి, ఎలిజబెత్‌ని లోపలికి తోసింది.

"ఎక్కవే! ఏడుపు తర్వాత. నా మొగుడు ఎట్టాగూ రాడు. నీ మొగుణ్ణన్నా తెచ్చుకుందాం."

నేను రివాల్వరు తీసి చూశాను. నాలుగు గుళ్ళున్నాయి. లారీ అప్పటికే కదిలింది, పరుగెత్తి వెనక కమ్మీ పట్టుకున్నాను.